మెదడులో చూపు పటము

చూచునది కన్ను అని మనమందరము అనుకొందుము. మాటవరుసకు ఆ మాట చాలును. కాని శరీరశాస్త్రజ్ఞుడు దానిని పూర్తిగా అంగీకరింపడు. కన్ను వెలుగును పట్టును. చూపు మాత్రము తల వెనుకభాగమున, మెదడులో రూపొందును. రేడియో కేంద్రములోని మైక్రోఫోను శబ్దమును పట్టి, విద్యుత్తుగా మార్చి, తీగలోనికి పంపును. అంతేగాని పాటను అది వినదు. కన్ను పనియు ఇట్టిదే. కన్నులు రెండును చక్కగా నుండియు, మెదడు వెనుకభాగము దెబ్బతినుటచే చూపు కోల్పోయినవారు కలరు. వైద్యుడు అట్టివారి కంటిలోనికి దీపపు వెలుగు పంపినచో కనుపాప మామూలుగానే ముడుచుకొనును. ఆ దీపము మాత్రము వారికి కనబడదు.

మెదడు పైభాగమంతయు ముడుతలు ముడుతలుగా నున్న ఒక పలుచని పొర కలదు. దీనికి వల్కలము, అనగా బెరడు, అని పేరు. దీని మందము కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. తల వెనుక, ఈ బెరడులో, కాల్కరైన్ అను ఒక లోతైన ముడుత ఉన్నది. కన్నులనుండి బయలుదేరిన సందేశములు నడుమ ఒక మజిలీలో ఆగి, ఆ పిమ్మట ముఖ్యముగా వచ్చి చేరునది ఈ ముడుతకు ఇరుప్రక్కల నున్న బెరడునకే. దీనిని ప్రాథమిక దృష్టి వల్కలము అందురు. 1776వ సంవత్సరమున ఇటలీలో ఫ్రాన్సిస్కో జెన్నారి అను వైద్యవిద్యార్థి గడ్డకట్టించిన మెదడును కోసి చూచుచుండగా, సరిగా ఈ తావుననే బెరడులో ఒక సన్నని తెల్లని చార కనబడెను. ఆ చార యేల ఏర్పడినదో అతనికి తెలియలేదు. అది చూపునకు సంబంధించిన భాగమునకు గుర్తు అని తెలియుటకు మరి నూరేండ్లు పట్టెను.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఎదుట నున్న దృశ్యములో ఒక్కొక్క చోటునకు మెదడులో ఒక్కొక్క చోటు ఏర్పడి యున్నదా? గోడమీద ఎడమవైపున గడియారము, కుడివైపున కిటికీ ఉన్నవనుకొందము. వాని సందేశములు రెండును ఒకేచోట కలిసిపోవునా, లేక వేరువేరు తావులకు చేరునా? వేరువేరు తావులే యైనచో వాని వరుస యెట్టిది? ఈ ప్రశ్నకు సమాధానమును నేడు కొలది కాలములో, శరీరముపై గాటు పడకుండ, జీవించియున్న మనిషి తలలో చూడవచ్చును. కాని మొదటి సమాధానము అంత సులభముగా లభింపలేదు. అది యుద్ధభూమినుండి వచ్చెను.

1904-05 సంవత్సరములలో రష్యా, జపాను దేశములకు యుద్ధము జరిగెను. అంతకు పూర్వపు తుపాకుల సీసపు గుండు తలకు తగిలినచో ఎముకను పగులగొట్టి, మెదడును ఛిన్నాభిన్నము చేసెడిది. మనిషి బ్రదుకుట అరుదు. ఈ యుద్ధమున రష్యనులు వాడిన తుపాకి 1891 నాటి నమూనా. దాని గుండు 7.62 మిల్లీమీటర్ల వ్యాసము గలది. మిక్కిలి వేగముగా పోవునది. అది పుర్రెలో ఒకవైపున దూరి, సన్నని దారి చేసికొని, రెండవవైపున వెలువడిపోయెడిది. అందుచేత తలకు గుండు తగిలియు బ్రదికి బయటపడిన సైనికులు కొందరుండిరి. వారిలో కొందరికి కన్నులకు ఏ దెబ్బయు తగులకున్నను, చూపులో ఒక భాగము చీకటియైపోయెను.

ఇట్టి సైనికుల చూపు ఎంతమేరకు పోయినదో నిర్ణయించి, దానినిబట్టి వారికి పింఛను ఏర్పాటు చేయవలసి యుండెను. ఈ పరీక్ష చేయు పని తత్సుజి ఇనొయె అను జపాను దేశపు యువ నేత్రవైద్యునకు అప్పగింపబడెను. లెక్కలు వ్రాసి పంపినచో ఆయన విధి తీరిపోయెడిది. కాని ఆయన అంతటితో ఆగలేదు. గుండు దూరిన రంధ్రమును, వెలువడిన రంధ్రమును కొలుచుటకు ఒక సాధనమును కల్పించెను. ఆ రెంటిని కలుపు సరళరేఖ మెదడులో ఏయే భాగములగుండ పోయినదో గణించెను. ఒకవైపున ఆ రేఖ. రెండవవైపున ఆ సైనికుని చూపులో చీకటి పడిన మేర. 29 మంది విషయమున ఈ రెంటిని సరిపోల్చి, తన ఫలితములను 1909లో జర్మను భాషలో ప్రకటించెను. మనుష్యుని దృష్టి వల్కలమునకు నమ్మదగిన తొలి పటములలో ఇది ముఖ్యమైనది.

తరువాతి అధ్యాయము మొదటి ప్రపంచయుద్ధ కాలమునకు చెందినది. ఆ యుద్ధమున గాయపడిన బ్రిటిషు సైనికులను పరీక్షించి, గోర్డన్ హోమ్స్ అను నాడీవైద్యుడును, విలియం లిస్టర్ అను నేత్రవైద్యుడును 1916లో ఇట్టి పరిశోధనమునే ప్రకటించిరి. హోమ్స్ దానిని విస్తరింపజేసి 1918లో వెలువరించిన పటము వైద్యగ్రంథములలో డెబ్బది సంవత్సరములకు పైగా ప్రమాణముగా నిలిచెను. ఆ పటములోని ప్రతి గీత వెనుకను ఒక యువకుని గాయమున్నది. నేటి యంత్రముల మహిమను చెప్పుకొనునపుడు ఈ సంగతి మరువరానిది.

ఆ పటము తెలిపిన విషయములు ముఖ్యముగా నాలుగు. మొదటిది: దృశ్యములో ఇరుగుపొరుగున నున్న చోట్లు మెదడులోను ఇరుగుపొరుగుననే యుండును; వరుస చెడదు. రెండవది: మనము చూపు నిలిపిన బిందువునకు ఎడమ నున్న సగము కుడి మెదడులోను, కుడి నున్న సగము ఎడమ మెదడులోను చేరును. ఇది కుడికన్ను, ఎడమకన్ను అను విభాగము కాదు. ప్రతి కంటి చూపును రెండుగా విడిపోయి రెండు వైపులకును పోవును. మూడవది: దృశ్యము తలక్రిందుగా నుండును. పైనున్నది కాల్కరైన్ ముడుతకు దిగువ గట్టునను, క్రిందనున్నది ఎగువ గట్టునను చేరును. అందుచేతనే ఎగువ గట్టు గాయపడిన సైనికునకు చూపులో క్రింది భాగము పోయెను. నాలుగవది అన్నిటికంటె చిత్రమైనది: ఈ పటములో పంపకము సమానముగా లేదు.

ఈ నాలుగవ విషయమును పాఠకులు తమకు తామే పరీక్షించి చూచుకొనవచ్చును. ఎడమచేతిని ముందునకు చాచి బొటనవ్రేలి గోరుపై చూపు నిలుపుడు. కుడిచేతితో ఈ పత్రికను ఆ వ్రేలికి ఒక జానెడు దూరమున, అదే వరుసలో పట్టుకొనుడు. చూపు గోరుమీదనుండి కదల్పక పత్రికలోని అక్షరములను చదువ ప్రయత్నింపుడు. అక్షరములున్నవని తెలియును, అవి ఏ యక్షరములో తెలియదు. ఎదుట నున్న దంతయు ఒకేవిధముగా స్పష్టముగా కనబడుచున్నదని మన నమ్మకము. నిజమునకు స్పష్టమైన చూపు ఒక బొటనవ్రేలి వెడల్పు మేరకే. మనము కన్నులను క్షణక్షణమును త్రిప్పుచుండుటచేత ఆ లోపము తెలియకున్నది.

మెదడులోని పటము ఈ సత్యమునకు అనుగుణముగనే యున్నది. చాచిన చేతి బొటనవ్రేలు సుమారు 2 డిగ్రీల వెడల్పు కనబడును. పిడికిలి సుమారు 10 డిగ్రీలు. చూపు నిలిపిన బిందువు చుట్టును అన్ని వైపులకు పిడికిలి మేర వలయము గీసినచో, ఆ వలయము మన యెదుట నున్న అర్ధగోళములో నూటికి 2 పాళ్లు కూడ కాదు. కాని ప్రాథమిక దృష్టి వల్కలములో ఇంచుమించు సగము ఆ చిన్న వలయమునకే వినియోగమగుచున్నది. మిగిలిన విశాల దృశ్యమంతయు మిగిలిన సగములో సర్దుకొనవలసినదే. గ్రామమునకు పటము గీయువాడు భూమి విస్తీర్ణమునుబట్టి గాక, పండిన పంటనుబట్టి గీసినచో, చెరువు క్రింది నాలుగెకరముల మాగాణి నలువది ఎకరముల మెట్టకంటె పెద్దదిగా కనబడును. మెదడు గీసికొన్న పటము అట్టిది. కంటి లోపల వెలుగును పట్టు రెటీనా అను పటలమున, నట్టనడుమ సూక్ష్మకణములు క్రిక్కిరిసి యుండును. అంచులకు పోయినకొలది పలుచబడును. ఎక్కువ వార్తలు వచ్చుచోటికి ఎక్కువ స్థలము కేటాయింపబడినది.

హోమ్స్ కూడ మధ్యభాగమునకు పెద్ద వాటా నిచ్చెను. కాని అదియు చాలలేదు. 1991లో అమెరికాలో జోనాథన్ హార్టన్, విలియం హాయిట్ అను వైద్యులు, మెదడు వెనుకభాగము దెబ్బతిన్న రోగులను ఎం. ఆర్. ఐ. చిత్రములతో పరీక్షించి, నిజమైన వాటా హోమ్స్ చూపినదానికంటె చాల పెద్దదని తేల్చిరి. పటము సవరింపబడెను. అయినను ఇదియు దెబ్బతిన్న మెదడునుండి గ్రహించిన జ్ఞానమే. దెబ్బ యెరుగని మనిషి చూచుచుండగా, ఆ చూచుచున్న క్షణమున, అతని మెదడులోని పటమును గీయుట ఎట్లు? దీనికి మార్గము అదే దశాబ్దమున లభించెను.

ఎం. ఆర్. ఐ. యంత్రము ఒక విధముగా రేడియో యంత్రమే. మన శరీరమున నీరు సమృద్ధిగా నున్నది. నీటిలోని హైడ్రోజను పరమాణువుల కేంద్రకములు చిన్న చిన్న అయస్కాంతములవంటివి. మనిషిని బలమైన అయస్కాంత క్షేత్రమున పరుండబెట్టి, తగిన రేడియో తరంగమును పంపినచో, ఆ కేంద్రకములు దానిని గ్రహించి, మరల తామే సన్నని రేడియో ధ్వనిని వెలువరించును. యంత్రము ఆ ధ్వనిని విని, అది ఎచ్చటినుండి వచ్చినదో గుర్తించి, చిత్రము నిర్మించును. ఇందు వాడు 3 టెస్లాల అయస్కాంతము భూమియొక్క అయస్కాంత శక్తికి ఇంచుమించు 60 వేల రెట్లు. 1.5 టెస్లాల యంత్రము 64 మెగాహెర్ట్‌జుల చెంతను, 3 టెస్లాల యంత్రము 128 మెగాహెర్ట్‌జుల చెంతను పనిచేయును. మన ఎఫ్. ఎం. కేంద్రములు వినవచ్చు 88-108 మెగాహెర్ట్‌జుల పట్టీ సరిగా ఈ రెంటికి నడుమ నున్నది. అందుచేత బయటి ప్రసారములు లోనికి చొరబడి చిత్రమును చెరుపకుండుటకు, ఆ గదికి చుట్టును లోహపు కవచము అమర్తురు.

ఈ విధముగా వచ్చు చిత్రము మెదడు ఆకారమును తెలుపునే గాని, దాని పనిని తెలుపదు. పనిని తెలుపునది రక్తము. మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు కొలది క్షణములలో రక్తము ఎక్కువగా ప్రవహించును. రక్తమునకు ఎరుపు నిచ్చు హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయుచున్నపుడు ఒక విధముగను, దానిని దించివేసినపుడు మరియొక విధముగను అయస్కాంతమునకు స్పందించునని లైనస్ పౌలింగ్, చార్ల్స్ కొరియెల్ అను శాస్త్రజ్ఞులు 1936లోనే కనుగొనిరి. ఆ భేదమును ఎం. ఆర్. ఐ. చిత్రమున చూడవచ్చునని 1990లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేయుచుండిన జపాను శాస్త్రజ్ఞుడు సీజీ ఒగావా ఎలుకల మెదడుపై నిరూపించెను. పనిచేయు భాగమునకు, అది ఖర్చుపెట్టు దానికంటె ఎక్కువ ప్రాణవాయువు వచ్చి చేరును. అచ్చట రేడియో ధ్వని రవంత హెచ్చును. ఆ హెచ్చు మిక్కిలి స్వల్పము, నూటికి కొలది పాళ్లు మాత్రమే. అదియును వెంటనే రాదు. చూచిన 5, 6 సెకండ్లకు గాని పరాకాష్ఠకు చేరదు.

ఈ పద్ధతిని మనుష్యునిపై ప్రయోగించినపుడు శాస్త్రజ్ఞులు ముందుగా ఎన్నుకొన్నది చూపునే. దీపమును వెలిగించుట, ఆర్పుట సులభము. ఫలితము రావలసిన చోటు ఏదో ముందే తెలియును. 1991లో అమెరికాలో జాన్ బెలివో బృందమువారు రక్తములోనికి ఒక మందును ఎక్కించి, దృష్టి వల్కలము పనిచేయుటను చిత్రించిరి. 1992లో బోస్టను నగరమున కెనెత్ క్వాంగ్ మొదలగువారును, ఒగావా మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారితో కలిసియు, ఏ మందును లేకుండ ఆ పనినే సాధించిరి. మినుకుమినుకుమను దీపములు వెలిగినపుడెల్ల తల వెనుకభాగమున ధ్వని హెచ్చెను, ఆరినపుడెల్ల తగ్గెను. సూది లేదు, కత్తి లేదు, గాయము లేదు.

ఇంక మిగిలినది పటము గీయుట. దీనికి 1994లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన ఉపాయము ఎంతో తేలికైనది. యంత్రములో పరుండిన మనిషి ఎదుట నున్న తెరపై ఒక బిందువుమీద చూపు నిలుపును. ఆ బిందువునుండి చదరంగపు బల్లవలె నలుపు తెలుపు గళ్లు గల ఒక వలయము మెల్లగా వెలుపలికి విస్తరించుచు పోయి, అంచునకు చేరి, మరల నడుమ పుట్టును. రథోత్సవమున మేళము వీధివెంట సాగిపోవుచుండగా, ప్రతి యింటివారును తమ వాకిట మేళము వినబడిన వేళను వ్రాసి యుంచిరనుకొందము. ఊరు చూడనివాడు కూడ ఆ కాగితములను చేతబట్టుకొని, ఏ యిల్లు గుడికి దగ్గర, ఏ యిల్లు దూరము అని చెప్పగలడు. ఇచ్చటను అంతే. మెదడులోని ఒక్కొక్క చోట ధ్వని హెచ్చిన వేళను గుర్తించినచో, ఆ చోటు దృశ్యమధ్యమునకు ఎంత దూరపు భాగమును చూచుచున్నదో తెలియును. మరునాడు వలయమునకు మారుగా, గడియారపు ముల్లువలె తిరుగు ఒక ముక్కను చూపినచో, ఏ దిక్కును చూచుచున్నదో తెలియును. దూరము, దిక్కు, ఈ రెండును తెలిసినచో పటము పూర్తియైనట్లే. 1995లో మార్టిన్ సెరెనో మొదలగువారు ఈ రెంటిని చేర్చి, ముడుతలుపడిన బెరడును కంప్యూటరుపై చదునుచేసి, దృష్టి భాగముల సరిహద్దులను రంగులలో చూపిరి.

గాయపడినవారినుండి గ్రహించిన సంగతులను ఈ చిత్రములు బలపరచెను. దానితోపాటు కొత్త సంగతులను కూడ తెలిపెను. చూపునకు పటము ఒకటి కాదు. ప్రాథమిక పటము ముగిసిన అంచున మరియొక పటము, అద్దములోని ప్రతిబింబమువలె తిరుగబడి, ఆరంభమగును. దాని అంచున ఇంకొకటి. నేటికి ఇట్టివి ఇరువదికి పైగా గుర్తింపబడినవి. వీనిలో కొన్నిటికి ప్రత్యేకమైన పనులు కలవు. కదలికను గుర్తించుటకు ఒక తావు కలదు. 1983లో జర్మనీ వైద్యులు వర్ణించిన ఒక స్త్రీకి మెదడులో అట్టి భాగములు ఇరువైపుల దెబ్బతినెను. ఆమెకు వస్తువులు కనబడెడివి; వాని కదలిక మాత్రము కనబడెడిది కాదు. కప్పులోనికి పోయుచున్న టీ గడ్డకట్టి నిలిచినట్లు తోచెడిది. దూరమున నున్న మోటారుబండి మరుక్షణముననే దగ్గర నుండెడిది. ముఖములను చూచినపుడు మిక్కిలిగా మేల్కొను తావు నొకదానిని 1997లో నాన్సీ కాన్‌విషర్ బృందమువారు వివరించిరి. ఒక మనిషికిని మరియొక మనిషికిని ప్రాథమిక పటము వైశాల్యమున రెండింతల వరకు భేద ముండవచ్చుననియు తెలిసినది.

ఇంతవరకు పటము అను మాట వాడితిమి. ఈ మాట ఒక భ్రమకు దారితీయవచ్చును. మెదడులో ఒక తెర యున్నదనియు, ఆ తెరపై బొమ్మ పడుచున్నదనియు, దానిని లోపల ఎవరో కూర్చుండి చూచుచున్నారనియు కొందరు అనుకొందురు. అట్లైనచో ఆ లోపలివాని కన్ను వెనుక మరియొక తెర కావలెను. దానికి అంతు లేదు. నిజమునకు పటములోని ప్రతి చోటును తన పాలికి వచ్చిన చిన్న మేరలో ఒక చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పును: ఇచ్చట గీత యున్నదా, అది నిలువా, అడ్డమా, వాలుగా నున్నదా? పిల్లుల మెదడుపై పరిశోధించి డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ అను శాస్త్రజ్ఞులు 1959లో ఈ సంగతిని బయటపెట్టిరి. 1981లో వారికి నోబెల్ బహుమానము లభించెను. బొమ్మ ఎక్కడను లేదు, ఉన్నవి సమాధానములే.

ఆ సమాధానములను చదువగలిగినచో, మనిషి చూచుచున్నది ఏదో వెలుపలివారు చెప్పవచ్చునా? 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో జాక్ గాలెంట్ బృందమువారు ఈ పరీక్ష చేసిరి. ఇద్దరు మనుష్యులకు ముందుగా 1,750 ఛాయాచిత్రములు చూపి, వారి మెదడు స్పందించు తీరును నేర్చుకొనిరి. పిదప ఎన్నడును చూడని 120 చిత్రములు చూపి, ఏ క్షణమున ఏ చిత్రము చూచిరో మెదడు చిత్రములనుబట్టియే ఊహించిరి. ఒకరి విషయమున నూటికి 92 పాళ్లు, మరియొకరి విషయమున 72 పాళ్లు ఊహ సరిపోయెను. కేవలము అదృష్టముపై ఆధారపడినచో నూటికి ఒకటి కూడ సరిపోదు.

ఇది విని మనస్సులను చదువు యంత్రము వచ్చినదని భయపడవలసిన పనిలేదు. సంబరపడవలసిన పనియు లేదు. ఆ మనుష్యులు తమ యిష్టముతో, గంటలకొలది కదలక పరుండి సహకరించిరి. ఒకరి మెదడునుండి నేర్చిన పాఠము మరియొకరికి నేరుగా పనికిరాదు. తల కొంచెము కదలినచో చిత్రము చెడిపోవును. అంతేకాక, యంత్రము చూచునది రక్తమునే గాని ఆలోచనను గాదు. అది గుర్తింపగల చిన్న గడి 2, 3 మిల్లీమీటర్ల ఘనము. అందు లక్షలకొలది నాడీకణములు కలవు. పత్రికలలో మనము చూచు మెదడు బొమ్మపై వెలుగు ఎరుపు, పసుపు రంగులు మెదడులో లేవు. అవి లెక్కలకు వేసిన రంగులు. లెక్క తప్పినచో రంగును తప్పును. 2009లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు చనిపోయిన ఒక సాల్మను చేపను యంత్రములో నుంచి, దానికి మనుష్యుల ఛాయాచిత్రములు చూపి, గణితశాస్త్రము కోరు జాగ్రత్తలను విడిచి లెక్కకట్టిరి. చచ్చిన చేప మెదడులోను రంగుచుక్క వెలిగెను! జాగ్రత్తలు పాటించి లెక్కకట్టగా చుక్క మాయమయ్యెను. వేలకొలది గడులను ఒకేసారి పరీక్షించువారు గుర్తుంచుకొనవలసిన పాఠమిది.

కన్నులు లేనివారి మెదడులో ఈ పటమున్న చోటు ఏమగును? పాడుబడి యుండునని అనుకొనుట సహజము. కాని 1996లో నొరిహిరో సదాటో మొదలగువారు మరియొక చిత్రణ పద్ధతితో పరిశోధించి, పసితనముననే చూపు పోయినవారు బ్రెయిలీ లిపిని వ్రేళ్లతో చదువుచున్నపుడు వారి దృష్టి వల్కలము పనిచేయుచున్నదని చూపిరి. చిత్రము మాత్రమే సాక్ష్యమైనచో సందేహింపవచ్చును. కాని 2000లో వైద్యులు ఒక విషాద వృత్తాంతమును ప్రకటించిరి. పుట్టుకతోనే చూపు లేని ఒక స్త్రీ బ్రెయిలీ చదువుటలో ఎంతో నేర్పరి. రక్తప్రసార లోపముచే ఆమె మెదడు వెనుకభాగము ఇరువైపుల దెబ్బతినెను. ఆమె వ్రేళ్లకు స్పర్శ పోలేదు, చుక్కలు తగులుచునేయున్నవి. కాని వాని అర్థము తెలియకపోయెను. ఎన్నడును వెలుగెరుగని ఆ భాగమే ఆమెకు చదువు నిచ్చుచుండెనన్నమాట. మెదడు తన పొలమును బీడు పెట్టదు. నీరు రానిచోట మెట్టపంట వేసికొనును.

ఈ జ్ఞానము ప్రయోగశాలలోనే నిలిచిపోలేదు. మెదడులో కంతి తీయవలసి వచ్చినపుడు, చూపునకు ముఖ్యమైన భాగము ఆ కంతికి ఎంత దగ్గరగా నున్నదో శస్త్రవైద్యుడు ముందే చూచి దారి ఎన్నుకొనగలడు. చూపు లేనివారికి చూపును కొంతయైనను కలిగింపవలెనను ప్రయత్నములకును ఈ పటమే ఆధారము. 1968లో ఇంగ్లండులో గైల్స్ బ్రిండ్లీ, వాల్పోల్ లెవిన్ అనువారు చూపు కోల్పోయిన ఒక స్త్రీ మెదడు వెనుకభాగముపై 80 విద్యుత్ స్పర్శకములను అమర్చి, సన్నని విద్యుత్తును పంపిరి. ఆమెకు చీకటిలో చిన్నచిన్న వెలుగుచుక్కలు కనబడెను. ఒక్కొక్క స్పర్శకమునకు చుక్క కనబడిన దిక్కు పాత సైనికుల పటముతో మొత్తముమీద సరిపోయెను. 2021లో స్పెయిన్ దేశపు పరిశోధకులు 96 సూక్ష్మ సూదులు గల పలకను చూపు లేని ఒక స్త్రీ దృష్టి వల్కలమున ఆరు నెలలపాటు ఉంచి, ఆమె కొన్ని రూపములను, కొన్ని అక్షరములను గుర్తింపగలిగినదని తెలిపిరి. ఇది చూపు కాదు, చూపునకు వాకిలి. ఆ వాకిలి దాటుటకు ఇంకను చాల పని మిగిలియున్నది.

జపాను యువ వైద్యుడు 29 మంది తలలకు గీసిన రేఖలు ఎవరికి ఎంత పింఛను రావలెనో తేల్చుటకై మొదలయ్యెను. నేడు అదే విద్య, ఏ యువకుని గాయమును కోరకుండ, ఆసుపత్రిలో పరుండిన రోగికి ఎక్కడ కోయరాదో చెప్పుచున్నది. చీకటిలో నున్నవారికి వెలుగుచుక్క ఏ దిక్కున చూపవలెనో చెప్పుచున్నది. ఇక మన మట్టుకు మనము తెలిసికొనవలసినది ఒకటి కలదు. ఎదుట నున్న లోకమును మెదడు సమానముగా పంచుకొనదు. మనము దేనిపై దృష్టి నిలిపితిమో దానికే తన పొలములో సగము ఇచ్చివేయును. దేనివైపు కన్ను త్రిప్పవలెనో ఎన్నుకొను పని మాత్రము మనదే.